తోక తెగిన మైకు

నేను ఒక మైకుని. పెళ్ళిపందిట్లో అరిచే రకం కాదు, విలేకరి చేతిలో ఉండి ఎదుటివాళ్ళ మూతి దగ్గరికి వెళ్ళే రకం. నా ఒంట్లో ఒక పల్చటి పొర ఉంటుంది. మనిషి మాట్లాడితే అది వణుకుతుంది. అంతే నా చదువు. అక్షరమ్ముక్క రాదు. నా మెడకు బిగించిన డబ్బా మీద ఏం రాశారో ఈరోజుకీ నాకు తెలియదు. కానీ విన్న గొంతు మాత్రం మరిచిపోను.

ఢిల్లీలో ఏదో రేకుల షెడ్డులో పుట్టానట. ఊహ తెలిసేసరికి చీరాలలో బసవపున్నయ్య చేతిలో ఉన్నాను. కేబుల్ టీవీలో ఊరి వార్తలు చెప్పేవాడాయన. అప్పుడు నాకు పొడుగాటి నల్లటి తీగ తోకలా ఉండేది. దాని రెండో కొస కెమెరాలో ఉండేది. మగ్గాల వీధిలో కుళాయి రావడం లేదని ఒక ముసలామె నాతో అంటే, ఆ మాట తీగలోంచి కెమెరాలోకి, సాయంత్రానికి ఇంటింటి టీవీలోకీ వెళ్ళేది. బసవపున్నయ్య దేవుడేం కాదులెండి. దసరా వస్తోందంటే ప్రకటనల కోసం బట్టల కొట్ల వెంట తిరిగేవాడు. ప్రకటన ఇచ్చిన కొట్టు ముందు మురుక్కాలవ పొంగినా ఆయన ముక్కుకు వాసన తగిలేది కాదు. అయినా వార్త వార్తలా వచ్చేది, ప్రకటన ప్రకటనలా వచ్చేది. రెంటికీ మధ్య ఒక గంట మోగేది. చూసేవాళ్ళకు తేడా తెలిసేది.

తర్వాత జనం టీవీలు కట్టేసి ఫోన్లు పట్టుకున్నారు. కేబుల్ ఆఫీసు మూతపడింది. ఫోనులో చానల్ పెట్టుకున్న ఫణీంద్రకి నన్నిచ్చేసి, "మంచి మైకురా, జాగ్రత్తగా వాడుకో" అన్నాడు బసవపున్నయ్య. ఫణీంద్ర చేసిన మొదటి పని నా తీగ పీకెయ్యడం. చొక్కాకు తగిలించుకునే గుండీ అంత మైకు ఒకటి కొనుక్కున్నాడు. మాటలన్నీ దాన్లోకే వెళతాయి. మరి నేనెందుకంటారా? చేతిలో నేను లేకపోతే అతన్ని విలేకరని ఎవరూ నమ్మరు. అందుకని నా మెడకు తన చానల్ ఎర్ర డబ్బా బిగించి, పెళ్ళికూతురు పూలచెండు పట్టుకున్నట్టు పట్టుకు తిరిగేవాడు.

వార్తకీ ప్రకటనకీ మధ్య మోగే గంట కూడా పోయింది. నగల కొట్టువాళ్ళు డబ్బు కట్టి ప్రచారం ప్యాకేజీ తీసుకుంటే, వాళ్ళు తలుపులు తెరవడమే వార్త. తీసుకోకపోతే, ఆ కొట్లో ఎవరో గొడవపడ్డం వార్త.

అలా ఒకరోజు బస్టాండు వెనక కోటిరత్నం మెస్సుకి వెళ్ళాం. మొగుడు పోయాక ఆ పొయ్యి మీదే ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. పక్క హాస్టలు ఆడపిల్లలు, లారీ డ్రైవర్లు ఆమె దగ్గరే తింటారు.

"పిన్నీ, ఒక రీల్ చేద్దాం. ఎదురు హోటలువాళ్ళు ప్యాకేజీ తీసుకున్నారు. చూడు, నిలబడే చోటు లేదక్కడ" అన్నాడు ఫణీంద్ర.

"నా గోంగూర పప్పుకి డప్పెందుకురా? తిన్నోడే ఇంకొకణ్ణి లాక్కొస్తాడు. కూర్చో, పెడతా."

"తినడానికి రాలేదు పిన్నీ."

"అదే నీ జబ్బు. నీ కడుపు మాడ్చుకుని ఊరందరి తిండీ పొగుడుతావు."

తింటున్నవాళ్ళు నవ్వారు. ఫణీంద్ర కూడా నవ్వాడు గానీ, నా చుట్టూ ఉన్న అతని వేళ్ళు బిగుసుకున్నాయి.

వానలు పడ్డాక హాస్టలు పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో చేర్చారు. కారణం ఇంకా ఎవరికీ తెలియదు. ఫణీంద్ర టీ కొట్టు దగ్గర కూర్చుని ముందు బొమ్మ తయారుచేశాడు. ఈ కాలం పద్ధతి అది, వీడియో పుట్టకముందే దాని మొహం తయారవుతుంది. కోటిరత్నం ఫొటో, పక్కన పుర్రె, కింద పెద్ద అక్షరాలు. అతను పైకి చదువుకున్నాడు కాబట్టి నాకు తెలిసింది: 'అన్నమా, విషమా?'

ఆ తర్వాతే మెస్సుకి బయలుదేరాం.

కోటిరత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి కొంగు సర్దుకుని, దగ్గరగా వంగింది.

"నేను పది పన్నెండు రోజుల్నించీ ఊళ్ళోనే లేను బాబూ. మా అక్క పోతే రేపల్లె పోయా. పెద్దకర్మ అయ్యాక వచ్చి ఇయ్యాలే పొయ్యి ఎలిగించా. ఆ పిల్లలు నా చేతి మెతుకు తిన్లా. హాస్టలు ట్యాంకుకి మూత లేదు, పావురాలు పడతన్నాయని వాళ్ళే చెప్పారు నాకు. ఇదంతా వెయ్యి, సరేనా?"

"నువ్వు చెప్పు పిన్నీ, నేను వేస్తా."

చెవిటివాళ్ళకు చెప్పినట్టు నిదానంగా, నాతో మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. నాలో పొర వణికింది. వణికి, అక్కడే ఆగిపోయింది. ముందుకు పోవడానికి దారేదీ? గుండీ మైకు ఫణీంద్ర చొక్కాకు ఉంది.

మర్నాడు ఆమె ఫణీంద్ర గదికి వచ్చింది. మెస్సు పక్క కొట్లో బట్టలు కుట్టే మస్తాన్‌బీ ఫోనులో ఆ వీడియో పెట్టుకుని వెంట వచ్చింది.

"నా మూతి కదులుతోంది, మాట లేదేందిరా? డప్పులు మోగుతున్నాయి" అంది కోటిరత్నం.

"గాలి శబ్దం వచ్చింది పిన్నీ. అందుకే మ్యూజిక్ వేశా."

"మెస్సు గోడకి పేడ కొట్టారు" అంది మస్తాన్‌బీ. "పదేళ్ళు తిన్న డ్రైవరే ఈ వీడియో కింద ఏం రాశాడో చదవమంటావా?"

"దీంతో కదా నేను చెప్పింది" అని కోటిరత్నం నన్ను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. తీగ ఉండాల్సిన చోట దుమ్ము పట్టిన బెజ్జం కనిపించింది. అందులో వేలు పెట్టి చూసింది. నెమ్మదిగా నన్ను బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

తప్పు హాస్టలు ట్యాంకు నీళ్ళదేనని తర్వాత పరీక్షలో తేలింది. ఫణీంద్ర ఆ ముక్క కూడా వేశాడు, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ పుర్రె లేని వార్త ఎవరు చూస్తారు? మెస్సు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

ఆమె గిన్నెలు ఆటోలోకి ఎక్కిస్తున్న రోజు మళ్ళీ వెళ్ళాం. ఫణీంద్ర తన చొక్కాకున్న గుండీ మైకు తీసి ఆమె కొంగుకు తగిలించాడు. "ఇప్పుడు చెప్పు పిన్నీ, నీ బాధ ఊరంతా వింటుంది" అంటూ అలవాటు కొద్దీ నన్ను కూడా ముందుకు చాచాడు.

కోటిరత్నం పెదవి కదపలేదు. పప్పు గిన్నె, గరిటెలు, ఆఖరికి పొయ్యి ఎక్కించింది. గుండీ మైకు విప్పి అతని చేతిలో పెట్టి ఆటో ఎక్కింది.

సాయంత్రానికి కొత్త బొమ్మ తయారైంది. అదే ఫొటో, అదే పుర్రె. 'ఎందుకు నోరు విప్పలేదు?' అని దానికింద రాసి, పైకి చదువుకున్నాడు. మొదటి వీడియోకన్నా దీన్నే ఎక్కువమంది చూశారట. వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి మళ్ళీ మళ్ళీ చూస్తున్నారట, ఆమె తప్పు ఎక్కడ ఒప్పుకుందో పట్టుకోవాలని.