అడవి అంచున ఆకుల దుప్పటి

...అయినా ఎండాకు దానంతటది అంటుకోదు కదా, ఎవడో ఒకడు నిప్పు పెట్టాలి. ఆ పెట్టేవాడు బావమరిదే. పక్క చేను వాడిదే. గాలి తగ్గగానే చేలో కోత మోళ్ళు తగలబెడతానని పొద్దున్నే చెప్పి పోయాడు.

వసారాలో కూర్చున్న అతనికి పొగ వాసన తగిలింది. లోపల పాలు మాడుతున్నాయి, అంతే. గుండె మాత్రం ఆ మాట నమ్మలేదు.

అడవికీ అతని చేనుకీ మధ్య గడ్డిపోచ కూడా మొలవకుండా ఒక మట్టి పట్టీ ఉండాలి. నిప్పు అటు దాటకుండా అటవీశాఖ వాళ్ళు వదిలించిన జాగా అది. వానలు మొహం చాటేశాక, చెట్ల నీడకు ఆ పట్టీలోనే కాస్త చెమ్మ మిగిలింది. నేల మీద ఎండాకు పరిస్తే తడి ఆరదని రైతుల శిక్షణలో చెప్పారు. అతను ఆ పట్టీలో కూడా చిక్కుడు విత్తి, అడవిలోంచి గంపలకొద్దీ ఆకు మోసుకొచ్చి, పట్టీ మీదా చేను మీదా పరిచాడు. చిక్కుడు లేచింది. చూసినవాళ్ళంతా భేష్ అన్నారు. ఆ పొగడ్తల మత్తులో ఒక్క సంగతి తట్టలేదు. ఆకుల దుప్పటి ఒక కొస బావమరిది గట్టు మీద ఉంది, రెండో కొస అడవిలో.

ఆకు తీసేస్తే ఈ ఎండకు వేళ్ళు మాడిపోతాయి. ఏడాదంతా ఇంట్లో తినేది ఆ చిక్కుడే. తీయకపోతే... ఆ పైన ఆలోచన సాగలేదు.

"ఏం బావా, పరీక్ష తప్పినవాడిలా ఆ మొహమేంటి?" అగ్గిపెట్టె ఆడించుకుంటూ బావమరిది వచ్చాడు.

"ఇవాళ వద్దురా."

"ఎందుకూ? ఆకు కూడా కదలట్లేదు."

"మీ బావకి నేను పొయ్యి వెలిగించినా చెమటలేరా తమ్ముడూ," లోపలినుంచి భార్య అంది. "నా వంటకి భయపడేవాళ్ళని చూశాను గానీ, పొయ్యికి భయపడే మనిషిని ఈయన్నే చూశాను!"

బావమరిది నవ్వుకుంటూ చేనివైపు నడిచాడు. అతనూ నవ్వబోయాడు. పెదాలు అతుక్కుపోయాయి. కాళ్ళు మాత్రం వెనకే వెళ్ళాయి.

పట్టీ దగ్గర అంతా నిశ్శబ్దం. వెనక అడవి ఊపిరి బిగబట్టినట్టుంది. కాలి కింద ఆకు కరకరమంది.

"అంటించేదా బావా?" గట్టు మీదినుంచి కేక.

ఇంత బతుకూ బతికి, మెచ్చుకున్న నోళ్ళకు జడిసి నోరు మూసుకోవడమా? చెయ్యెత్తాడు.

"ఉండరా! అంటిస్తే అడవికి పోద్ది. పట్టీ మీద ఆకు పరిచింది నేనే."

బావమరిది పుల్ల గీయబోయి ఆగాడు. ఆకులనీ అడవినీ మార్చి మార్చి చూశాడు. వాడి మొహంలోనూ నవ్వు పోయింది.

"మరి చిక్కుడో?"

అతను మోకాళ్ళ మీద కూలబడి ఆకు పక్కకు లాగాడు. అడుగున మట్టి చల్లగా, తడిగా ఉంది. పట్టీలో పూత మీదున్న మొదటి చిక్కుడు మొక్కను వేళ్ళతో సహా పైకి లాగాడు.