చివరి ట్యూబులో గీత

ల్యాబులో చివరి ట్యూబు ఎప్పుడూ ఖాళీదే. మందులన్నీ పోస్తారు, శుభ్రమైన నీళ్ళూ పోస్తారు, నాచు మాత్రం వెయ్యరు. దాన్ని బ్లాంక్ అంటారు. మెషీన్‌లో తిప్పాక ట్యూబుల్లోవి జెల్ అనే మెత్తటి పలక మీద వరసగా పోసి లైటు వేస్తారు. మిగతా ట్యూబుల్లో నాచు ఉంటుంది కాబట్టి జెల్ మీద వాటి కింద గీతలు వెలుగుతాయి. బ్లాంక్ కింద చీకటిగా ఉండాలి. అక్కడా గీత వెలిగిందంటే పనిలో ఎక్కడో కల్తీ జరిగిందనీ, ఆ పూట శ్రమంతా నీళ్ళపాలైందనీ అర్థం.

ఆ రోజు కూడా బ్లాంక్ వెలిగింది.

"నిదానం, నీ చెయ్యి చల్లగుండ! ఖాళీ ట్యూబులో కూడా నాచు మొలిపిస్తున్నావు. నిన్ను ఎడారికి పంపిస్తే బాగుపడిపోతుంది," అన్నాడు బాబాయ్. ఆయన అక్కడ అందరికన్నా పాత టెక్నీషియన్. వరసతో పనిలేకుండా అందరికీ బాబాయే. ఆమె మాటా నడకా చూసి నిదానం అని పేరు పెట్టిందీ ఆయనే.

నిదానం నవ్వలేదు. జెల్ మీదికి వంగి చూసింది. ఆ గీత అన్నిటికన్నా చివర, విడిగా, తడివేలితో రాసినట్టు సన్నగా ఉంది. నడుం నిటారు చేసి, జుట్టుకున్న బ్యాండు బిగించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ బ్యాండు అక్కది. మెత్తటి ముదురెరుపు గుడ్డ, లోపల ఎలాస్టిక్. కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం అక్క అమ్మతో పోట్లాడి ఇంట్లోంచి వెళ్ళిపోయింది. అమ్మ వెతకడానికి వెళ్ళి చీకటిపడ్డాక ఒక్కతే తిరిగొచ్చింది. పొద్దున్నే ఆ బ్యాండు చెల్లెలి చేతిలో పెట్టింది.

"గుమ్మం దగ్గర పడేసి పోయింది. మురికిగా ఉంటే ఉతికాను. ఎక్కడికి పోతుందే, కోపం తగ్గాక తనే వస్తుంది. అప్పటిదాకా నువ్వు పెట్టుకో."

బ్యాండు ఇంకా తడిగానే ఉంది. అప్పట్నుంచీ నిదానం జుట్టుకి వేరేది పెట్టలేదు. నెలకోసారి అమ్మే అడిగి తీసుకుని, సబ్బుతో రుద్ది రుద్ది ఉతికి ఇచ్చేది. అక్క వచ్చీ రాగానే "నా బ్యాండు నువ్వెందుకు పెట్టుకున్నావే" అని నెత్తిమీంచి లాగేసుకుంటుంది. ఆ తగువు కోసమే నిదానం కాచుకుని ఉంది.

మందులు మార్చారు. ట్యూబుల కొత్త పెట్టె విప్పారు. బాబాయ్ చేస్తే బ్లాంక్ చీకటిగా ఉండేది, ఆమె చేస్తే వెలిగేది. చివరికి ల్యాబు నడిపే మేడమ్ విసిగిపోయి, "ఆ గీతని కోసి సీక్వెన్సింగ్‌కి పంపమ్మాయ్. అది ఏ నాచో తెలిస్తే ఎక్కణ్ణుంచి దూరుతోందో తెలుస్తుంది," అంది.

ఆ ల్యాబు పనే అది. ఊరు తాగే నీళ్ళలో ఏ నాచు పెరుగుతోందో చెప్పాలి. మైక్రోస్కోపులో చూస్తే సగం నాచులు కవలపిల్లల్లా ఉంటాయి; ఒకటి అమాయకురాలు, ఒకటి విషం. అందుకని వాటి డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్కని చదువుతారు. మార్కర్ అంటారు దాన్ని. మొహాలు ఒకలాగే ఉన్నా ఇంటిపేరు అడిగితే దొరికిపోయినట్టు, అక్కడ దొరికిపోతాయి.

జవాబు వచ్చింది. ఆ నాచు రిజర్వాయర్‌లోది కాదు, కాలవలోది కాదు, ల్యాబు కుళాయిలోదీ కాదు. చుట్టుపక్కల ప్రతి నీటి నుంచీ తెచ్చి ఫ్రిజ్‌లో దాచిన నమూనాలతో పోల్చి చూస్తే ఒక్కదానితోనే అక్షరం పొల్లుపోకుండా కలిసింది. అది ఊరవతల పాడుబడ్డ క్వారీ గుంత.

"అది నేను తెచ్చిందే. తాడుకి సీసా కట్టి దింపాను," అన్నాడు బాబాయ్. "దానికి ఒడ్డంటూ లేదు తల్లీ, అడుగు తీసి అడుగేస్తే నీళ్ళే. ఈ నాచు ఇంకెక్కడా నా కంటపడలేదు. నువ్వెప్పుడైనా వెళ్ళావా అటు?"

"లేదు బాబాయ్."

"మరి నిన్నెందుకు పట్టుకుందీ?"

చెప్పులు, సంచీ, కోటు జేబులు, అన్నీ తుడిచి పరీక్షించింది. ఏమీ లేదు. మర్నాడు బాబాయ్‌ని పక్కన కూచోబెట్టుకుంది. "నా చేతులే చూస్తుండు. నాకు తెలీకుండా ఏం చేస్తున్నానో చెప్పు."

ఆయన రెప్ప వెయ్యకుండా చూశాడు. నాచు ట్యూబులన్నీ అయ్యాయి, బ్లాంక్ ఒక్కటే మిగిలింది.

"ఆగాగు! ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను?"

"జుట్టు! గ్లవ్స్ చేత్తో బ్యాండు బిగించావు."

ఆమె చేతులు ఇంకా తల వెనకే ఉన్నాయి. పని కొసకొచ్చేసరికి నడుం నిటారు చేసి బ్యాండు బిగించుకోవడం, ఆ తర్వాత బ్లాంక్ పట్టుకోవడం అలవాటైపోయింది. ఏ రోజూ గమనించుకోలేదు.

బ్యాండు తీసి గాజు గిన్నెలో శుభ్రమైన నీళ్ళు పోసి నానబెట్టారు. ఆ నీళ్ళనే పరీక్షిస్తే గీత లావుగా, పచ్చగా వెలిగింది. "హమ్మయ్య, దొంగ దొరికింది," అని మేడమ్ తన గదిలోకి వెళ్ళిపోయింది. బాబాయ్ మాత్రం కదల్లేదు.

"ఎవరిదమ్మా అది?"

"మా అక్కది."

ఆయన గిన్నెని రెండు చేతులా ఎత్తి కిటికీ పక్కన పెట్టాడు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతోంది. తలెత్తి, "జుట్టు విరబోసుకుని వచ్చావేంటే? బ్యాండేదీ?" అంది.

"ల్యాబులో ఉందమ్మా. ఖాళీ ట్యూబులో రాకూడని గీత వస్తోందని పరీక్షకి పెట్టాం."

"దానికేం పరీక్ష?"

"అందులో నాచుంది. క్వారీ గుంతలో నాచు."

అమ్మ చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"ఎంత ఉతికినా పోలేదా?" అంది అమ్మ.

నిదానం గోడకి జారబడి కింద కూచుంది. అమ్మ దుప్పటి మడత పూర్తిచేసి ఒళ్ళో పెట్టుకుంది.

"బ్యాండు నీళ్ళ మీద తేలుతోందే. అదొక్కటే. కర్రతో లాగాను. చీకటి పడేదాకా పిలిచాను. ఇంకేం కనపళ్ళేదు. కనపళ్ళేదు కాబట్టే వస్తుందన్నాను."

"గుమ్మం దగ్గర అన్నావు."

"మరి నీకేమని చెప్పనే?" అమ్మ గొంతు ఒక్కసారి పైకి లేచి, మళ్ళీ దిగింది. "ఇదిగో, అది లేకుండా ఇంకోసారి చేసి చూడు. అప్పుడూ గీత వస్తే ఆ బ్యాండు వల్ల కాదన్నమాటేగా? మీ అక్క ఆ గుంతలో లేదన్నమాటేగా?"

గిన్నెలో వెలిగిన గీత సంగతి నిదానం చెప్పలేదు. "చూస్తానమ్మా," అంది.

పొద్దున్న ల్యాబు తలుపు తియ్యగానే పచ్చి వాసన కొట్టింది. కిటికీ పక్కన గాజు గిన్నెలో నీళ్ళకి లేత ఆకుపచ్చ రంగు తిరిగింది. అన్నిసార్లు సబ్బుతో ఉతికి అన్నేళ్ళు ఎండబెట్టిన గుడ్డ చుట్టూ, రాత్రికి రాత్రి, అది మేలుకుంది. నిదానం గిన్నె మీద మూత పెట్టి తన బల్ల దగ్గరికి వచ్చింది.

జుట్టుకి పార్సిల్ దారం కట్టుకుంది. "నేను చెయ్యనా తల్లీ?" అని బాబాయ్ అడిగితే తల అడ్డంగా ఊపింది. బ్లాంక్ దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే తల వైపు లేచింది. దించుకుంది. మెషీన్ తిరుగుతున్నంతసేపూ కుర్చీలో కదలకుండా కూచుంది. బ్లాంక్ మురికిగా రావాలని ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి కోరుకుంది.

లైటు వేసింది. గీతలన్నీ వరసగా వెలిగాయి. చివర చీకటి. మొహం జెల్ మీది అద్దానికి ఆనేంత దగ్గరగా వంగింది. అయినా చీకటే.

"శుభ్రంగా ఉంది నిదానం!" అన్న బాబాయ్ నాలిక కరుచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ ఖాళీ చోటునే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ అందరి తర్వాత, అందరికీ ఎడంగా, అక్క అక్కడికే వచ్చి నిలబడేది. నడవాలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"అమ్మా... రాలేదు."

అవతల కుళాయి చుక్కలు వినిపిస్తున్నాయి.

"ఐతే పోలీసులకి చెప్పు. ఆ నీళ్ళు తోడించమను," అంది అమ్మ. ఫోన్ పెట్టేసే ముందు, "బ్యాండు ఇంటికి తెచ్చెయ్. ఇంక ఉతకన్లే," అంది.