కిష్టప్ప శృతి

కిష్టప్ప శృతి తప్పుతున్నాడని ముందుగా కనిపెట్టింది బయటివాళ్లెవరూ కాదు, కన్నకూతురు బిందు.

యాలాల్ దగ్గర వాళ్ల ఊళ్లో చర్చి కట్టినప్పటి నుంచీ ఆదివారం పాట ఎత్తుకునేది కిష్టప్పే. వారమంతా తాండూరులో బండలకు పాలిష్ పెట్టే మిషన్ దగ్గర పని. ఎంత కడిగినా ఆ తెల్లటి దుమ్ము చెవుల వెనక కొంత మిగిలే ఉండేది. అయినా ఆదివారం ఆయన నోరు తెరిచాడంటే వెనక చాపల మీద కునికేవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవారు. డోలక్, తాళాలు తప్ప ఆ పాటకు వేరే తోడు ఉండేది కాదు.

కీబోర్డు వచ్చింది నిరుడు ఎండాకాలంలో. సంఘమంతా కలిసి వికారాబాద్ పోయి కొత్తది కొనుక్కొచ్చారు. నర్సింగ్ చదివే రోజుల్లో హాస్టల్ పక్క చర్చిలో వాయించడం నేర్చుకుంది కాబట్టి బిందుకే దాన్ని అప్పగించారు. తండ్రి పాడుతుంటే కూతురు వాయించడం చూసి ఊరు ముచ్చటపడింది.

ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. పాట సరిగ్గానే మొదలయ్యేది. రెండో చరణానికి వచ్చేసరికి కిష్టప్ప గొంతు కీబోర్డు కన్నా కాస్త కిందికి జారినట్టు వినిపించేది. ఎక్కువేం కాదు, అన్నంలో పంటి కింద రాయి తగిలినంత. సంగీతం తెలియనివాళ్లు కూడా ఆ రాయిని పసిగట్టి తలలు తిప్పేవారు. ఆయన కంగారుపడి గొంతు పైకి లాగేవాడు. అది కాస్తా జీరపోయేది.

ఒకరోజు అన్నాల దగ్గర బిందు ఉండబట్టలేకపోయింది.

"నాయినా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. పాటల శృతి తప్పుతున్నవ్."

కిష్టప్ప చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "నాకైతే సరిగ్గనే పాడుతున్నట్టు వినొస్తది బిడ్డ."

"మిషన్ తప్పదు గద నాయినా."

భాగమ్మ మొగుడి కంచంలో పులుసు పోస్తున్నదల్లా తలెత్తింది. "ఏం మాటనే అది? నువ్వు పుట్టకముందు సంది పాడుతున్నడు మీ నాయిన."

"ఊకో," అన్నాడు కిష్టప్ప. "సదువుకున్న బిడ్డ, దానికి తెల్వదా? దినమంతా ఆ మోత కాడ ఉంటే చెవులు ఏం మిగుల్తయ్?"

తాండూరులో తాను పనిచేసే ఆసుపత్రిలోనే బిందు ఆయన్ని చెవుల డాక్టరుకు చూపించింది. వినికిడి కొంత తగ్గిన మాట నిజమేనన్నాడు డాక్టరు. ఆ ఆదివారం కిష్టప్ప వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అందరితోపాటు పెదవులు కదిలాయి గానీ గొంతు బయటికి రాలేదు. పని నుంచి వచ్చి బర్రెకు గడ్డి వేస్తూ తీసే కూనిరాగం కూడా ఆగిపోయింది. ఆ మౌనం బిందును ఇంట్లో నిలవనిచ్చేది కాదు. అయినా ఉన్న మాటే కదా చెప్పానని సర్దిచెప్పుకునేది.

పాట ఎత్తుకునే పని నవీన్‌కు వచ్చింది. పడుచువాడు, మిషన్ల మోత ఎరగనివాడు. కొన్ని వారాలు పోయాక, అతనూ రెండో చరణంలో జారాడు.

"ఇయ్యాల గొంతు జర పట్టేసిందక్కా," అని నవ్వేశాడు ఆరాధన అయ్యాక.

బిందుకు నవ్వు రాలేదు. అందరూ వెళ్లేదాకా ఆగి, ఒక్కతే కీబోర్డు ముందు కూర్చుంది. ఫోన్లో శృతి చూపించే యాప్ తెరిచి ఒక్కో మెట్టూ నొక్కింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడు రోజూలాగే పాట వాయించింది. మొదటి చరణం చివర ఎడమచెయ్యి అలవాటుగా అంచున ఉన్న చిన్న చక్రం మీదికి పోయింది. దాన్ని తిప్పితే స్వరం మనిషి గొంతులా సాగుతుంది. వినేవాళ్లు మెచ్చుకునేవారు, తనకూ అది ఇష్టం. చెయ్యి తీయగానే చక్రం వెనక్కి వచ్చేసింది. బిందు మళ్లీ మెట్టు నొక్కింది. యాప్‌లో ముల్లు మాత్రం పక్కకే నిలబడింది. ఇంకో మెట్టు నొక్కింది. అదీ అంతే. కీబోర్డు ఆపి మళ్లీ వేస్తే సరిగ్గా ఉంది. చక్రం తిప్పితే మళ్లీ అదే తేడా. చక్రం కంటికి మధ్యలోకి వచ్చినట్టే ఉన్నా లోపల రావడం లేదన్నమాట.

మెట్లన్నీ కలిసికట్టుగా పైకి పోవడంతో వాయించే తనకు తెలియలేదు. పక్కన పాడే మనిషే తప్పినట్టు వినిపించాడు.

మర్నాడు సెలవు పెట్టి, కీబోర్డు పట్టుకుని రైల్లో వికారాబాద్ పోయింది. అది కొన్న కొట్లో పనిచేసే శ్రీను విని, "దుమ్ము పోయింటదక్కా. మీ తాండూరు దిక్కు దుమ్మెక్కువ గద," అన్నాడు.

"కప్పి పెడ్తం మేము. నీ కాడున్న కొత్తది ఒకటి విప్పు, చూద్దాం."

విప్పాడు. దాని చక్రమూ అంతే. శ్రీను గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాల్నంటే ఇంకిద్దరు గూడ గిదే చెప్పిండ్రక్కా. చక్రం లోపల నాసిరకం సామాను పెడుతున్నరు. కంపెనీకి ఫోన్ చేస్తే గంత తేడా మామూలే అంటున్నరు, మార్చియ్యరు. నువ్వు ఆ చక్రం ముట్టకు, ఖతం."

"ఒక మనిషి పాట బందయింది శ్రీనూ."

"ఎవల పాటక్కా?"

బిందు కీబోర్డును సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం కిష్టప్ప పని నుంచి వచ్చి నీళ్ల గోలెం దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే అంతా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"మరి డాక్టర్ అబద్ధం చెప్పిండా?"

"లే నాయినా. చెవులు జర తగ్గింది నిజమే. గాని శృతి తప్పింది నువ్వు గాదు, మిషన్. దాన్ని తిప్పింది నేను."

కిష్టప్ప చెంబు పక్కన పెట్టాడు. "డాక్టర్ చెప్పిండని నమ్మలే బిడ్డ. నువ్వు చెప్పినవని నమ్మిన."

ఆ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది బిందుకు.

ఆదివారం చక్రం కదలకుండా టేపు అంటించి, మైకు ముందు నిలబడి, తప్పు ఎవరిదో సంఘమంతటికీ చెప్పింది. నవీనే వెనక్కి వెళ్లి కిష్టప్పను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కిష్టప్ప పాట ఎత్తుకున్నాడు. అదే గొంతు. భాగమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రెండో చరణంలో పాటా కీబోర్డూ ఒక్కటై పోతున్నాయి. అక్కడ ఎవరికీ ఏ లోపమూ వినిపించని చోట, ఆయన ఆగిపోయాడు. మైకు ముందే కూతురి వైపు తిరిగాడు.

"సరిగ్గనే ఉన్ననా బిడ్డ?"

చర్చి అంతా విన్నది.

"సరిగ్గనే ఉన్నవ్ నాయినా."

తలూపి మళ్లీ అందుకున్నాడు. కానీ ప్రతి వరుస చివరా ఆయన చూపు ఆమె ముఖం మీదికి వస్తూనే ఉంది. బిందు మెట్లు చూడటం మానేసి ఆయన్నే చూస్తూ, తలూపుతూ వాయించింది. వేళ్లు రెండు మూడు చోట్ల తప్పాయి. ఆమె పట్టించుకోలేదు.