కాలు తగిలిన పెద్దాయన

వైద్యం చదవడానికి దేశం కాని దేశం వచ్చిన నాలుగో రోజున, ఆ అమ్మాయి శవాలను కోసి పాఠం చెప్పే గదిలో అడుగుపెట్టింది. అక్కడి భాష ఇంకా పట్టుబడలేదు. ఎవరేమన్నా తలాడించడం మాత్రం బాగా వచ్చేసింది.

అందరూ రబ్బరు తొడుగులు వేసుకున్నాక, తెల్లగుడ్డ కప్పిన శరీరాన్ని ఎత్తు తక్కువ ట్రాలీ మీద తోసుకొచ్చారు. దారివ్వబోయి పక్కకు జరిగిందో లేదో, గుడ్డలోంచి జారి వేలాడుతున్న చేతికి ఆమె బూటు తగిలింది. ముడతలు పడ్డ ముసలి చెయ్యి. అంతే, చటుక్కున వంగి దాన్ని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఎవరికి కాలు తగిలినా చేసే పనే కదా!

శవం చెడకుండా పట్టించిన మందు తొడుగులకంటి, కళ్ళు భగ్గున మండాయి. టీచరమ్మ రెక్క పట్టుకుని పంపు దగ్గరికి లాక్కెళ్ళింది.

"మతి పోయిందా నీకు?"

"కాలు తగిలింది... పెద్దాయన," అంది అమ్మాయి వచ్చీరాని మాటల్లో.

టీచరమ్మ వెళ్ళి, ఆ చేతిని మెల్లగా గుడ్డ లోపల సర్దింది.

సాయంత్రం ఫోన్లో అమ్మ పట్టి పట్టి చూసింది.

"కళ్ళేంటే అంత ఎర్రగా ఉన్నాయి? ఏడ్చావా?"

"లేదమ్మా, మందు పడింది. ఇవాళ క్లాసులో ఒక పెద్దాయనకి కాలు తగిలిందమ్మా."

"అయ్యయ్యో! దణ్ణం పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"ఏమన్నారు?"



"ఏమీ అనలేదమ్మా."

"పోన్లే, మంచాయన. రేపు కనిపిస్తే ఓసారి పలకరించు."