స్లాబు కింద నిలబడేవాడు

మేస్త్రీ చచ్చిన మూడోరోజున అతని మీదే కేసు కట్టారు.

కూలిన స్లాబు ముక్కల ముందు నిలబడి అధికారి కాగితం చదివాడు. అనుమతి రెండంతస్తులకే. అంతకు మించితే లైసెన్సున్న ఆర్కిటెక్టు గీయాలి, సంతకం పెట్టాలి, దగ్గరుండి చూడాలి. మేస్త్రీ ఎవరికీ చెప్పకుండా ఇంకో రెండంతస్తులు లేపాడు. కాబట్టి నేరం మేస్త్రీది.

మేస్త్రీ వెనకే పదహారేళ్లు ఇటుకలు మోసిన అతని భార్య ఆ మాటలు వింది. సైటులో అందరికీ ఆమె వదిన.

"నన్నడక్కుండా చొక్కా కొనుక్కోని మనిషయ్యా! ఎవరికీ చెప్పకుండా రెండంతస్తులు లేపాడా?"

ఎవరో నవ్వబోయి ఏడ్చేశారు.

చట్టం మంచిదే. మనిషి నెత్తిన స్లాబు పడకూడదని రాసిన చట్టం. బతికుండగా మేస్త్రీ వైపు తొంగి చూడలేదు. చచ్చాక మాత్రం వెతుక్కుంటూ వచ్చింది.

ఆ పనివాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. స్లాబు కింద ఆనించిన కర్రలు తీసే రోజున, దాన్ని పోసిన మేస్త్రీ కింద నిలబడాలి. నా పనికి నాదే పూచీ అని దాని అర్థం. నాలుగో స్లాబు ఇంకా పచ్చిగా ఉందని మేస్త్రీ మొత్తుకున్నాడు. కర్రలు ఇంకో సైటుకి కావాలన్నాడు కాంట్రాక్టరు. "తీస్తావా, ఇంకోణ్ణి పిలవనా?" అన్నాడు. మేస్త్రీ అందర్నీ బయటికి పంపి, కర్రలు తానే కొట్టాడు.

సాయంత్రం కాంట్రాక్టరు ఆమె రేకుల పాకకు వచ్చాడు. "తప్పు మా ఆయనదే" అని రాసిన కాగితం చాచాడు.

"వేలిముద్ర వెయ్యమ్మా. ఆపిన పని మొదలవుతుంది. రేపే కూలకుండా మిగిలిన వెనక స్లాబు కర్రలు తీయిస్తా. లేదంటావా, పొద్దున్నే పాక ఖాళీ చెయ్యి."

అతను వెళ్లాక పనివాళ్లంతా పాక ముందు చేరారు.

"ముద్ర వేసెయ్ వదినా. పోయినోడు ఎలాగూ పోయాడు. పని ఆగితే మా పొయ్యిలు ఆరిపోతాయి," అన్నాడు కడ్డీలు వంచేవాడు.

ఆమెకు కోపం రాలేదు. "నిజమేరా. రేపు ఆ స్లాబు కింద ఎవరు నిలబడతారు?"

ఆ కడ్డీలవాడే గొణిగాడు. "నన్నే నిలబడమన్నాడు."

"సంతకం పెట్టే ఆ చదువుకున్నాయన ఎక్కడరా?" అంది స్లాబులకు నీళ్లు కొట్టే ముసలమ్మ. "నీళ్లు మోసి మోసి నా నడుం వంగింది. ఆయన నీడ కూడా చూళ్లేదు."

"ఉంటేగా అత్తా, చూడ్డానికి! ఉంటే పచ్చి స్లాబుకి కర్రలు తియ్యనిస్తాడా?" అన్నాడొక తాపీవాడు.

"అయితే ఆయన వచ్చేదాకా మనమూ తియ్యొద్దు," అంది వదిన.

వాదన చాలాసేపు నడిచింది. ముందుగా లేచి ఆమె పక్కన కూర్చున్నవాడు కడ్డీలవాడే.

పొద్దున కాంట్రాక్టరు అధికారినీ, పోలీసుల్నీ వెంటబెట్టుకుని వచ్చేసరికి నలభైమంది వెనక స్లాబు ముందున్నారు. వదిన గుప్పెడు సున్నం తీసుకెళ్లి స్లాబు కింద గుండ్రంగా గీత గీసింది.

"సంతకం పెట్టేవాణ్ణి ఇక్కడ నిలబెట్టండి. కర్రలు మేమే తీస్తాం."

"తమాషాగా ఉందా?" అన్నాడు కాంట్రాక్టరు.

"మా ఆయన తమాషాకి నిలబడలేదు. పోనీ, సంతకం పెట్టేవాడు లేకపోతే మీరు నిలబడండి." అధికారి వైపు తిరిగింది. "మీరైనా రండి బాబూ. కాగితం చదివారుగా."

అధికారి తలెత్తి స్లాబును చూశాడు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగును నలభైమందీ చూశారు. కడ్డీలవాడు చేతిలో పనిముట్టు కింద పడేశాడు. తర్వాత తాపీలు, తట్టలు, పారలు, అన్నీ నేలకు చేరాయి.

పని అడ్డుకుందని వదినను వ్యానెక్కించారు. ముద్ర పడని కాగితం కాంట్రాక్టరు చేతిలోనే ఉంది. వ్యాను మలుపు తిరుగుతుంటే ఎదుటి సైటులో తాపీల చప్పుడు ఆగింది. ఎవరో ఒకామె గుప్పిట్లో సున్నం పట్టుకుని తమ స్లాబు కిందికి నడుస్తోంది.

"చూశావా" అనబోయి వదిన అలవాటుగా పక్కకు తిరిగింది. పక్కన కానిస్టేబులు కూర్చున్నాడు.

అప్పుడు ఏడ్చింది, మూడు రోజుల ఏడుపంతా.