టీచర్ల వీధి ఓట్లు

ప్రొద్దుటూరులో టీచర్ల వీధి ఓట్లంటే ఒకప్పుడు అభ్యర్థులకు హడలు. పంతుళ్లు, వకీళ్లు, బ్యాంకు గుమాస్తాలు కూడి, పోటీలో ఉన్నవాళ్లను లైబ్రరీకి పిలిపించి, బెంచీ మీద కూర్చోబెట్టి ప్రశ్నలేసేవాళ్లు. కులమేదని కాదు, కాలవలు ఎప్పుడు తీయిస్తావని. తర్వాత ఎవరికి వేస్తున్నారో గుమ్మం పక్కన నల్లబల్ల మీద రాసేవాళ్లు. దాచుకోవడానికి మనమేమన్నా దొంగలమా అనేవాడు మిషన్ స్కూలు హెడ్మాస్టరు ప్రకాశం. అది చూసి పక్క వీధులు కూడా మనసు మార్చుకునేవి. ఆ సంగతి తలచుకుంటే ఆయనకు కడుపు నిండిపోయేది.

ఫ్యాక్షన్ రోజులొచ్చాయి. పులివెందులలోనో జమ్మలమడుగులోనో బాంబు పేలితే ప్రొద్దుటూరులో అంగళ్లు మూతపడేవి. ఆ ఏడు మున్సిపల్ ఎన్నికలకు ఫ్యాక్షన్ నాయకుల అండ ఉన్న పార్టీ అభ్యర్థి లైబ్రరీ గడపే తొక్కలేదు. వచ్చింది జైబున్నీసా ఒక్కతే. ప్రకాశం దగ్గర చదువుకుని, ట్యూషన్లు చెప్పుకుంటున్న మనిషి. నిలబడమని పట్టుబట్టిందీ ఆయనే. ఆమె పేరు పెద్ద అక్షరాలతో నల్లబల్లకెక్కింది.

పోలింగు నాడు పెద్దమనుషులంతా ఇస్త్రీ బట్టలేసుకుని, తీరిగ్గా కాఫీలు తాగి బయల్దేరారు. వాళ్లు పోయేసరికి వాళ్ల ఓట్లు ఎవరో వేసేశారు. జీపుల్లో దిగిన పార్టీ మనుషులు మిగతా వీధుల జోలికి పోలేదు. ఏ వీధి ఓట్లు గుద్దుకోవాలో నల్లబల్లే చెప్పింది మరి. జైబున్నీసా ఓడిపోయింది. ప్రకాశం సిగ్గుతో చాన్నాళ్లు ఆమె ఇంటివైపు పోలేదు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఆమే ప్రకాశం ఇంటికొచ్చింది.

"మళ్లీ నిలబడతాండా సార్. ఈసారి మీటింగు వద్దు, రాయడం వద్దు. అందరూ పార్టీకే ఏస్తామని చెప్పుకోండి. లోపలికి పోయి నాకేస్తే సాలు. అమ్మకు గూడా చెప్పొద్దు. చర్చిలో ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పేస్తాది."

అమ్మంటే ప్రకాశం భార్య సారమ్మ. నిజం చెప్పమని ఆయన బెత్తం పట్టుకుని నేర్పింది ఈ పిల్లకే కదా. చివరికి సరేనన్నాడు.

ఆ సాయంత్రం సారమ్మ నడవలో బియ్యం ఏరుతూ, ఎవరికి వేద్దామని అడిగింది. ఆయన పార్టీ పేరు చెప్పాడు. ఆమె చేయి ఆగింది. జైబున్నీసాకు కాదా అంటే కాదన్నాడు. పెళ్లయినాక ఆమెతో ఆడిన మొదటి అబద్ధం అది.

సారమ్మ ఆయన ముఖంలోకి జాలిగా చూసింది.

"మీకు భయమైతే ఆ పార్టీకే ఏసుకోండి. నేను మాత్రం ఆ పాపకే ఏస్తా" అంది, వీధంతా వినపడేలా.

ప్రకాశం గబగబా పోయి వీధి తలుపు మూశాడు.