మారుపేర్ల మెకానిక్

పదకొండు బస్సుల రేడియో పెట్టెలు విప్పి దుమ్ము దులపాలి. వదులైన యాంటెన్నాలు బిగించాలి. ప్రతి పెట్టెకూ ఆ రోజుకు సరిపడా మారుపేర్లు ఎక్కించాలి. నాలుగింటికి డిపో పెద్దసారు ముందు బ్రేకు పరీక్ష నెగ్గాలి. ఐదింటికి రిటైరవ్వాలి.

చివరి పనిని కూడా మెకానిక్ మిగతావాటితో పాటే కాగితం మీద రాసుకున్నాడు. సోల్డరు వేడికి ఆయన బొటనవేలి చర్మం కొమ్ములా గట్టిపడింది.

బస్సు బ్రేకు వేస్తే ఆ పెట్టె వెనక బండ్లకు కబురు పంపుతుంది. అది నిజంగా డిపో బస్సేనని రుజువు చూపాలి. అలాగని ఏ బస్సో దారినపోయేవాళ్లకు తెలియకూడదు. అందుకే ఐదు నిమిషాలకో మారుపేరు. చిన్న పెట్టె దారిలో పేర్లు తయారుచేసుకోలేక చతికిలబడుతుంటే, వాటిని డిపోలోనే కట్టలుగా చేసి పొద్దున్నే ఎక్కించే పద్ధతి కనిపెట్టింది పదో తరగతి తప్పిన ఈ మెకానికే.

పరీక్ష పోతే రేపటినుంచి ఏ బస్సుకు ఆ బస్సుకు ఒకటే శాశ్వతమైన పేరని పెద్దసారు తేల్చేశాడు. మెకానిక్ చెల్లెమ్మా అని పిలిచే ఏడో బస్సు డ్రైవరుకు అది ప్రాణసంకటం. మారుపేర్లు రాకముందు, విడాకులైన మొగుడు పెట్టె కబుర్లు పట్టే రిసీవరు ఒకటి సంపాదించి, ఆమె బస్సు ఎక్కడ ఆగితే అక్కడ ప్రత్యక్షమయ్యేవాడు.

నాలుగింటికి పరీక్ష మొదలైంది. ముందున్న బస్సు బ్రేకు వేసి ఆగింది. వెనక ఏడో బస్సులో హెచ్చరిక మోగలేదు. చెల్లెమ్మే చూసుకుని బ్రేకు తొక్కింది.

“చూశారా? మీ మారుపేర్లతో పెట్టె గుడ్డిదైంది,” అన్నాడు పెద్దసారు.

మెకానిక్ రెండు పెట్టెలూ విప్పి చూశాడు.

“గుడ్డివాణ్ణి నేను సార్. ఒకే కట్ట రెండింటికీ ఎక్కించా. తన పేరుతోనే కబురొస్తే, అది తన మాటే అనుకుని ఊరుకుంది. తప్పు నాది, పద్ధతిది కాదు.”

“కవలలకి ఒకే పేరు పెట్టేశావా అన్నయ్యా!” కిటికీలోంచి నవ్వింది చెల్లెమ్మ.

“పదకొండు మందిని సాకుతున్నా, కంగారుండదా తల్లీ!”

కొత్త కట్ట ఎక్కించాడు. ఈసారి చెల్లెమ్మ కాలు కదలకముందే హెచ్చరిక మోగింది. పెద్దసారు మళ్లీ మళ్లీ, మూడుసార్లు చేయించాడు. మూడుసార్లూ మోగింది.

“ఈ మారుపేర్లే ఉంచండి. ఎక్కించాక ఇంకొకరు సరిచూడాలని రాసివ్వండి.”

రాసిచ్చి, ఐదింటికి ఎవరికీ చెప్పకుండా గేటు దాటాడు. ఆయన పక్కనుంచే ఏడో బస్సు రోడ్డెక్కింది. అది ఎవరి బస్సో దారిలో ఏ రిసీవరుకూ తెలియలేదు.

మీ ముందున్న బస్సు ఆగేలోపే మీ బండి మిమ్మల్ని హెచ్చరిస్తే, ఈ మెకానిక్‌ను ఒక్కసారి తలుచుకోండి. పనిబల్ల దగ్గర, ఆయన స్టూలు మీద, కూర్చున్న మేరకు గుంటపడిన దిండు ఇంకా అలాగే ఉంది.